సవారీ జీనునే మోత జీనుగా మార్చుకోవడం ఎలా? గుర్రంతో ఎల్క్ వేటకు వెళ్లేవాళ్ల కోసం

అమెరికాలోని కొలరాడో కొండల్లో అక్టోబరులో ఎల్క్ (దుప్పి జాతి పెద్ద జంతువు) వేటకు గుర్రం మీద వెళ్లేవాళ్లకు అసలు కష్టం తిరుగు ప్రయాణంలో మొదలవుతుంది. పొద్దున గుర్రం మిమ్మల్ని ఎక్కించుకుని ఐదారు మైళ్లు పైకి తీసుకెళ్లింది. అదృష్టం బాగుండి వేట దొరికింది. ఇప్పుడు మీ ముందు వంద కిలోల పైచిలుకు మాంసం ఉంది. పక్కన సవారీ జీను వేసిన గుర్రం ఉంది. మోతకని వేరే గుర్రాన్ని తెచ్చుకోవాలంటే దానికి మేత కావాలి, ట్రైలర్‌లో చోటు కావాలి, ఇంకో జీను కావాలి. అందరికీ కుదిరే పని కాదు. అందుకని పైకి వెళ్లేటప్పుడు సవారీకి, దిగేటప్పుడు మోతకి ఒకే జీను వాడుకోవడం నేర్చుకోవాలి. నేను కొన్నేళ్లుగా ఇలాగే వెళ్తున్నాను. నేర్చుకున్నది వరసగా చెప్తాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో వేటాడే తెలుగువాళ్ల కోసం రాస్తున్నది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేయడం కూడా అక్కడ నేరమే. కాబట్టి దించుకురాగలను అనే నమ్మకం ఉంటేనే ట్రిగ్గర్ మీద వేలు వేయాలి.

కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ లాంటి విల్డర్‌నెస్ ప్రాంతాల్లో, అంటే ప్రకృతిని ఉన్నదున్నట్టు కాపాడే రక్షిత అడవుల్లో, 1964 నాటి చట్టం ప్రకారం మోటారు బండ్లే కాదు, చేత్తో తోసుకునే చక్రాల బండి కూడా నిషేధం. మాంసం మనిషి వీపు మీదో, జంతువు వీపు మీదో దిగాల్సిందే.

లెక్క ముందు వేసుకోండి

గుర్రం మీద వేసే మొత్తం బరువు దాని ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని అనుభవం ఉన్నవాళ్లు చెప్పే లెక్క. 450 కిలోల గుర్రమైతే 90 కిలోలు. ఇందులో జీను ఒక 16 కిలోలు, కింద వేసే ప్యాడ్, సంచులు, తాళ్లు కలిపి ఇంకో ఆరు. అంటే మాంసానికి మిగిలేది 68 కిలోలు. ఎదిగిన మగ ఎల్క్‌లో వెనక తొడ ఎముకతో సహా ఒక్కొక్కటి 27 నుంచి 32 కిలోలు తూగుతుంది. ముందు కాలు 20 కిలోల పైచిలుకు. రెండు వెనక తొడలు ఒక గుర్రానికి సరిపోయాయి. రెండు ముందు కాళ్లు, మెడ, నడుం మాంసం ఇంకో గుర్రానికి. ఒక ఎల్క్ అంటే రెండు మోతలు అని మనసులో పెట్టుకోండి. ఇద్దరు స్నేహితులు రెండు గుర్రాల మీద వెళ్లి, ఇద్దరూ నడుస్తూ రెండు గుర్రాలనూ పట్టుకుని దిగితే ఒక్క ట్రిప్పులో పని అయిపోతుంది. ఒక్కరే అయితే రెండు ట్రిప్పులు.

ఇంకో సంగతి. 70 కిలోల మనిషీ, 70 కిలోల మాంసమూ గుర్రానికి ఒకటి కాదు. మనిషి మలుపులో తను కూడా వంగుతాడు, ఎక్కేటప్పుడు ముందుకు వాలతాడు, దారి బాగోలేకపోతే దిగి నడుస్తాడు. మాంసం అవేవీ చేయదు. వేసిన చోటే కూర్చుని, అదే ఎముక మీద గంటల తరబడి నొక్కుతుంది. జీను మార్పిడిలో మనం పడే జాగ్రత్తంతా ఈ ఒక్క తేడా కోసమే.

ఏ జీను తీసుకోవాలి

మూడు దారులున్నాయి. మొదటిది, మామూలు వెస్టర్న్ సవారీ జీను మీద పరిచే జంట సంచులు. వీటిని అక్కడ శాడిల్ పానియర్లు అంటారు. మధ్యలో చీలికలుంటాయి. ఒకటి జీను ముందున్న కొమ్ముకి, ఇంకొకటి వెనక గట్టుకి తొడుక్కుంటుంది. రెండు పక్కలా సంచులు వేలాడతాయి. పొట్ట కింద నుంచి ఒక పట్టీ రెంటినీ కలిపి పట్టుకుంటుంది. చుట్టేస్తే జీను వెనక కట్టుకునేంత చిన్న మూట అవుతుంది.

రెండోది, మార్పిడి కోసమే చేసిన జీను. చట్రం మోత జీను చట్రమే. దాని మీద కూర్చునే సీటు, రికాబు తోళ్లు ఊడదీసుకునేలా ఉంటాయి. అవి తీసేసి ముందూ వెనకా ఇనుప కమానులో, చెక్క కొమ్ములో బిగిస్తే బరువు కట్టుకోవచ్చు.

మూడోది అసలు మోత జీను. ఇనుప కమానులుండే డెక్కర్, కర్రలు అడ్డంగా దాటి ఇంటూ గుర్తులా కనిపించే సాబక్. వాటి మీద మనిషి కూర్చోలేడు, కాబట్టి ఇక్కడ మనకు పనికిరావు.

ఏడాదికి ఒకసారి వేటకు వెళ్లేవాళ్లకు నా సలహా మొదటి దారే. ఉన్న జీను గుర్రానికి బాగా అమరి ఉంటే దాన్ని వదలకండి. మంచి కాన్వాస్ సంచులు కొనుక్కోండి. ఏటా నాలుగైదు మోతలు దించేవాళ్లు, గుడారం సామాన్లు కూడా మోయించేవాళ్లు మార్పిడి జీను కొనుక్కోవచ్చు. అయితే కొనేముందు రెండు చూడండి. సీటు తీసేశాక కమానును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. వెంట్రుక మందం కదిలినా వద్దు. కొండ మీద ఆ కదలిక పెరుగుతుందే తప్ప తగ్గదు. తర్వాత జీనును తిరగేసి, గుర్రం వీపుకి ఆనే వైపు అరచేత్తో నిమరండి. మర తల గానీ, రివెట్ గానీ చేతికి తగిలితే అది గుర్రం వీపుకీ తగులుతుంది.

వీపుకి అమరిందా?

ప్యాడ్ లేకుండా ఖాళీ జీనును గుర్రం మీద పెట్టండి. మూపు దగ్గర నుంచి వెనక్కి, చట్రానికీ వీపుకీ మధ్య అరచేయి జొనపండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువు తగలాలి. ముందు బిగువుగా, మధ్యలో వదులుగా, మళ్లీ వెనక బిగువుగా ఉంటే చట్రం వంతెనలా నిలబడిందని అర్థం. అలాంటి జీనుతో మనిషి ఒక పూట సవారీ చేయగలడేమో గానీ మాంసం వేస్తే నాలుగు చోట్ల పుండ్లు పడతాయి. చట్రం చివర ఆఖరి పక్కటెముకను దాటి వెనక్కి పోకూడదు. ఆ వెనక నడుం, అక్కడ బరువు ఆనించకూడదు.

ప్యాడ్ ఉన్ని ఫెల్ట్‌దే వాడండి, అంగుళం మందం ఉండాలి. మోతకి వాడే ప్యాడ్ సవారీ ప్యాడ్ కన్నా పొడవు, వెడల్పు ఎక్కువ. సంచుల అడుగు కూడా దాని మీదే ఆనుతుంది. నేను పొద్దున వెళ్లేటప్పుడే పెద్ద ప్యాడ్ వేసి వెళ్తాను. సవారీకి కొంచెం అడ్డంగా ఉంటుంది, అయినా పైన చీకట్లో ప్యాడ్ మార్చే పని తప్పుతుంది.

ఇంకా మూడు పట్టీలు కావాలి. జీను వెనక్కి జారకుండా రొమ్ము పట్టీ. దిగుడులో ముందుకు జారకుండా తొడల వెనక నుంచి వచ్చే బ్రీచింగ్. వెనక కొస లేవకుండా వెనక సించ్, అంటే రెండో నడికట్టు. ఈ రెండో సించ్‌ను పొట్ట కింద ముందు సించ్‌తో ఒక చిన్న తోలు పట్టీతో కలిపి ఉంచాలి. లేకపోతే అది వెనక్కి జారి గుర్రం డొక్కకి గిలిగింతలు పెడుతుంది, గుర్రం ఎగిరి తన్నుతుంది. మీద సంచులున్నప్పుడు అలా జరిగితే ఆపడం ఎవరి తరమూ కాదు. బ్రీచింగ్ ఎప్పుడూ వేసుకోని గుర్రానికి తోక కింద పట్టీ తగలడం కొత్త. వేసవిలోనే నాలుగు వారాలు అలవాటు చేయండి.

ఇంటి దగ్గర రిహార్సల్

నేను ప్రాక్టీసుకి సోనా మసూరి బియ్యం బస్తాలు వాడతాను. ఇండియన్ స్టోర్‌లో దొరికే 20 పౌండ్ల బస్తా దాదాపు తొమ్మిది కిలోలు. పక్కకి ఒకటితో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ పక్కకి మూడు దాకా తీసుకెళ్తాను. బియ్యం మాంసంలాగే బరువుగా, కదలకుండా కూర్చుంటుంది. మొదటిసారి సంచులు ఖాళీగా వేసి నడిపించండి. డొక్కలకు గుడ్డ రాసుకుంటుంటే గుర్రం ఏం చేస్తుందో చూడండి. తర్వాత చెట్ల మధ్య నుంచి నడిపించండి. తన వెడల్పు పెరిగిందని గుర్రానికి తెలియాలి, లేకపోతే మొదటి మలుపులోనే సంచిని చెట్టుకి కొట్టేస్తుంది.

రక్తం వాసన ఇంకో పరీక్ష. చాలా గుర్రాలు చచ్చిన జంతువు దగ్గరికి రావు. కసాయి దుకాణం నుంచి ఎముకలో, స్నేహితుడి దగ్గర నుంచి పాత తోలో తెచ్చి దాణా తొట్టికి కొంచెం దూరంలో ఉంచండి. రోజూ అక్కడే తింటుంటే బెదురు తగ్గుతుంది.

జీను మార్చడం కూడా సాధన చేయాల్సిందే. తలకి హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, చేతులకి గ్లౌజులు వేసుకుని, ఇంటి వెనక చీకట్లో చేసి చూడండి. పది నిమిషాల్లో చేయలేకపోతున్నారంటే ఇంకా చేతికి రాలేదని లెక్క. మీరు దీన్ని నిజంగా చేసేది పదివేల అడుగుల ఎత్తున, వేళ్లు కొంకర్లు పోయే చలిలో.

వెళ్లే రోజు

జీను వెనక చుట్టి కట్టాల్సినవి: జంట సంచులు, గాలి ఆడే గుడ్డ మాంసం సంచులు ఆరు, అర అంగుళం తాడు ముప్పై అడుగులవి రెండు, చిన్న రంపం, కత్తి. వీటితో పాటు పెట్టె తూచే హ్యాండ్ స్కేల్. ఇండియా ప్రయాణానికి 23 కిలోల పెట్టెలు రెండూ సరిచూసుకునే ఆ చిన్న కొక్కెం తూనిక మన ఇళ్లలో ఎలాగూ ఉంటుంది. దాన్ని మర్చిపోకండి. ఎందుకో కింద చెప్తాను.

మీ ఒంటి మీద నడుం పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ ఉండాలి, తలకి అదే రంగు టోపీ. రైఫిల్ సీజన్‌లో ఇది కొలరాడో రూలు. గుర్రానికి రూలు లేదు, కానీ గోధుమ రంగు గుర్రం చెట్ల సందులోంచి దూరానికి ఎల్క్‌లాగే కనబడుతుంది. మెడకి, సంచులకి నారింజ గుడ్డ కట్టండి. జీనుకి తగిలించిన తోలు తొడుగులో రైఫిల్ పెడితే ఛాంబర్‌లో తూటా ఉండకూడదు. నేషనల్ ఫారెస్ట్‌లోకి తీసుకెళ్లే ఎండుగడ్డి కలుపు గింజలు లేనిదని సర్టిఫై అయినదే ఉండాలి.

వేట దొరికాక

గుర్రాన్ని కళేబరానికి కనీసం యాభై అడుగుల దూరంలో, కనబడేలా, గట్టి చెట్టుకి కట్టండి. కళ్లెం పగ్గాలతో కాదు, హాల్టర్ (కళ్లెం లేని తలకట్టు) తాడుతో, ఒక్క లాగుతో విడిపోయే జారుముడి వేసి.

తోలు వెంటనే ఒలవండి. వెనక తొడలో తుంటి ఎముక చుట్టూ వేడి నిలిచిపోయి మాంసం లోపలి నుంచి పులిసిపోతుంది, చలి ఉన్నా సరే. ముక్కలను గుడ్డ సంచుల్లో వేసి నీడలో కొమ్మకి వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లలో వద్దు. వీలైతే ఆ రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు దించండి. చల్లబడి గట్టిపడిన మాంసం గుర్రం మీద కుదురుగా కూర్చుంటుంది. వేడిగా ఉన్న మాంసం సంచిలో అడుగుకి జారి ముద్దవుతుంది. రాత్రి వదిలేసి వచ్చేటట్లయితే ఎలుగుబంట్లకు అందకుండా పది అడుగుల ఎత్తున, మానుకి నాలుగడుగుల దూరంగా కట్టండి.

మార్చడం, ఎత్తడం

గుర్రానికి నీళ్లు పట్టించి, సించ్‌లు వదులు చేసి, జీను పైకెత్తి ప్యాడ్ కింద చేయి పెట్టి ఆకులు, పుల్లలు, మడతలు లేకుండా చూడండి. ప్యాడ్‌ను మూపు మీద వేలితో పైకి ఎత్తి గాలి ఆడే సందు చేయండి. మళ్లీ ముందు సించ్ బిగించండి, తర్వాత వెనకది. ఈ వరస ఎప్పుడూ మారకూడదు. విప్పేటప్పుడు వెనకది ముందు, ముందుది ఆఖరున.

మార్పిడి జీను అయితే సీటు, రికాబులు తీసి, కమానులు బిగించి, ఒక్కోదాన్నీ ఊపి చూడండి. తీసిన సీటును వదిలేసి రాకండి, అది మీ వీపున కట్టుకుని దిగాలి. మామూలు జీను అయితే రికాబులు సంచికీ డొక్కకీ మధ్య నలగకుండా చూడాలి. సంచి అడుగు కన్నా కిందకి వేలాడేలా వదిలి, రెంటినీ పొట్ట కింద సన్నటి తాడుతో కలిపి కట్టండి. తర్వాత సంచులు పరవండి.

ఇప్పుడు తూనిక. కావడి మోసినవాళ్లను అడగండి, బరువు కన్నా తేడా ఎక్కువ బాధ పెడుతుందని చెప్తారు. పాడేరు వైపు కొండల్లో గుర్రాల మీద బస్తాలేసుకుని సంతకి దిగేవాళ్లూ ముందు రెండు వైపులా సమం చేసుకుంటారు. రెండు పక్కల తేడా అర కిలో లోపు ఉండాలి. కంటితో చూసి సరిపోయిందనుకోవద్దు.

నేను అనుకున్నాను, మొదటి ఏడాది. నా గోధుమ రంగు ఆడగుర్రం చుక్క మీద రెండు తొడలు వేసి, చూపుకి సమంగానే ఉన్నాయని బయల్దేరాను. ఒకదానికి తుంటి ఎముక ఉంది, ఇంకోదానికి రంపంతో కోసేశాను. మూడు, నాలుగు కిలోల తేడా ఉండి ఉంటుంది. ప్రతి అడుక్కీ జీను ఎడమకి ఒరుగుతూ వచ్చింది. నేను చేత్తో కుడికి లాగుతూ, చివరికి కుడి సంచిలో రాయి వేసి దింపాను. ట్రైలర్ దగ్గర జీను తీస్తే మూపు కుడి పక్కన పొంగి ఉంది. పుండు మానింది. కానీ అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలిచాయి, రూపాయి బిళ్లంత. ఇప్పటికీ రోజూ దువ్వేటప్పుడు నా చేయి ఆ మచ్చ మీద ఆగుతుంది. చుక్కకి నోరుంటే ఆ రోజు మొదటి అరమైలులోనే చెప్పేది. అందుకే కొక్కెం తూనిక మర్చిపోవద్దంటున్నాను.

తూచిన ముక్కల్లో బరువైనవి సంచి అడుగున, గుర్రం ఒంటికి దగ్గరగా పెట్టండి. ఎముక మొనలు బయటివైపుకి తిరిగి ఉండాలి, డొక్కవైపు మెత్తటి కండ. ఇద్దరుంటే రెండు సంచులూ ఒకేసారి ఎత్తి తగిలించండి. ఒక్కరే ఉంటే ఖాళీ సంచులు గుర్రం మీదే ఉంచి ఎడమలో కొంచెం, కుడిలో కొంచెం, మళ్లీ ఎడమలో, ఇలా నింపుకుంటూ వెళ్లండి. ఒక్కపక్కే ముప్పై కిలోలు వేసి చుట్టూ తిరిగి అవతలికి వెళ్లేలోపు జీను తిరిగిపోతుంది. దీనికోసం తొడను కూడా ఎముక తీసి రెండు మూడు ముక్కలు చేసుకోవాల్సి వస్తే చేసుకోండి. మగదో ఆడదో తెలిపే గుర్తు మాత్రం మాంసానికి అంటుకునే ఉండాలి, అది రూలు.

నింపాక పొట్ట కింది పట్టీ బిగించి, వెనక నిలబడి చూడండి. జీను నడిమధ్య గీత గుర్రం వెన్ను మీదే ఉందా? రెండు సంచుల అడుగులూ నేలకి ఒకే ఎత్తున ఉన్నాయా? ఉంటే తాడు సంచుల మీదుగా వేసి జారుముడితో ముగించండి. గుర్రం పడిపోతే ఒక్క లాగుతో విడిపోవాలి. ఎల్క్ కొమ్ములు ఈ మోతలో వేయకండి, రెండో ట్రిప్పులో తెచ్చుకోండి. వేయక తప్పకపోతే మొనలకి గోనెపట్టా చుట్టి, గుర్రం ఒంటికి దూరంగా తిప్పి, మీద నారింజ గుడ్డ కట్టండి.

దిగేటప్పుడు

మీరు నడవాలి. ఎంత అలిసినా, దారి ఎంత చదునుగా ఉన్నా మాంసం మీద ఎక్కి కూర్చోవద్దు. తాడు చేతికి చుట్టుకోకండి, మడత పెట్టి పట్టుకోండి. గుర్రం బెదిరి పరిగెడితే చుట్టుకున్న తాడు వేళ్లను వదలదు.

పది నిమిషాలు నడిచి ఆగండి. ఈపాటికి మాంసం సర్దుకుని ఉంటుంది, సించ్ వదులై ఉంటుంది. బిగించి, సంచుల అడుగులు మళ్లీ చూడండి. ఆ తర్వాత అరగంటకోసారి చాలు. పక్కకి ఒరిగితే నిలబడి సరిచేయండి, కింద చూద్దాంలే అనుకోకండి. బరువు మీద ఉండగా గుర్రాన్ని ఊరికే నిలబెట్టి ఫోటోలు తీసుకోవడం, భోజనం చేయడం వద్దు. దానికి విశ్రాంతి ఇవ్వాలనుకుంటే బరువు దింపే ఇవ్వాలి.

దింపాక

ఎక్కించినట్టే రెండు పక్కలా కొంచెం కొంచెంగా ఖాళీ చేయండి. సించ్ ఒక రంధ్రం వదులు చేసి ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు జీను తీయండి. ప్యాడ్ తీయగానే చెమట మరకను చూడండి. తడి సమంగా ఉంటే మంచిదే. తడి మధ్యలో పొడిగా ఒక మచ్చ కనబడిందంటే అక్కడ జీను విపరీతంగా నొక్కిందని అర్థం.

వాపు అప్పటికప్పుడు కనబడకపోవచ్చు. మర్నాడు పొద్దున్నే, రెండో మోతకి వెళ్లేముందు, మూపు నుంచి నడుం దాకా వెన్నుకి రెండు పక్కలా వేళ్ల కొసలతో నొక్కుకుంటూ వెళ్లండి. గుర్రం తోలు జలదరించినా, నడుం కిందకి జార్చినా, చెవులు వెనక్కి పెట్టినా దాని మీద జీను వేయకండి. ఆ రోజు మిగిలిన మాంసం మీ వీపు మీదే దిగాలి.